కోటుగారు సెలవులో ఉన్నారు

కూనలంక మునిసిపాలిటీ వాళ్ళు అంతకు ముందు మాత్రం పనిచేసేవారని కాదు. కాకపోతే పనిచేయకపోవడానికి ఒక పద్ధతంటూ ఉండేది కాదు. ఆ పద్ధతి బ్లేజర్లతో వచ్చింది.

వెనకటి కమిషనర్ల సంగతి గంపల వీధి బుల్లెమ్మను అడిగితే పూసగుచ్చినట్టు చెబుతుంది. వీధి మొగలో దిబ్బరొట్టెల బండి పెట్టుకుని ఎందరినో చూసిందామె. ఒకాయన పొద్దున్నే లుంగీతోనే వచ్చి, పంపుహౌసు దగ్గర పళ్ళు తోముకుంటూ అర్జీలు వినేవాడు. ఇంకొకాయన నశ్యం పట్టు పట్టి గట్టిగా తుమ్మితే గానీ కలం ముట్టుకునేవాడు కాదు. ఆయన సంతకం చుట్టూ గోధుమరంగు చుక్కలు పడేవి. చుక్కలు లేని కాగితం ఎవరైనా తెస్తే, దొంగ సంతకమని జనమే తిప్పి పంపేవారు.

ఇప్పటి కమిషనరు ప్రద్యుమ్న గారు అలాంటివారు కాదు. చదువుకున్నవారు. నాజూగ్గా ఉంటారు. మాటకు ముందు ఒక చిరునవ్వు వస్తుంది, మాట తరవాత వస్తుంది. ఎండాకాలం మొదట్లో పైవాళ్ళు ఆయన్ని ఏదో చలి ఊరికి శిక్షణకు పంపారు. ‘హుందాతనమే సుపరిపాలన’ అన్నది అక్కడి పాఠమట. ఆ పాఠం ఒంటబట్టించుకుని, నీలిరంగు ఉన్ని బ్లేజరు తొడుక్కుని, రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం ఆయన కూనలంక స్టేషన్లో రైలు దిగారు. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళు పాపం చలిజ్వరమనుకుని, ఆసుపత్రికి ఆటో మాట్లాడారు.

సంతకం పెట్టే అధికారం ఉన్న ప్రతి ఒక్కరికీ బ్లేజరు కుట్టించాలని ఆయన పైకి రాశారు. పైవాళ్ళు సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఆ బ్లేజర్లు పదిహేనేళ్ళు మన్నాలి. ఈలోగా అధికారులు మారవచ్చు, బ్లేజర్లు మారరాదు.

పట్నం నుంచి దర్జీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. బ్లేజర్లు వచ్చాయి. ఒక్కొక్క దానితో పాటు, దాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పే చిన్న కాగితం కూడా వచ్చింది. ఆ కాగితం మేనేజరు తటవర్తి కామేశం గారి చేతిలో పడింది. చేరిన నాటి నుంచి ఆయన చూసినవన్నీ పగిలిన గొట్టాలు, పొంగిన కాలవలు, అరిచే మనుషులు. ఒక వస్తువును పాడవకుండా ఎలా ఉంచాలో ఎవరో ఇంత ఓపిగ్గా రాసి పెట్టడం చూసేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రాత్రికి రాత్రే దాన్ని సర్క్యులరుగా మార్చి, పొద్దున్నే గోడకు అంటించారు.

“బ్లేజరును వెడల్పు భుజముల కొయ్య హ్యాంగరునకే తగిలించవలెను. ఒకనాడు ధరించిన బ్లేజరునకు మరునాడు విశ్రాంతి ఒసగవలెను. జేబులయందు కలము, తాళపుచెవులు, చేతిరుమాలు మొదలగు బరువులు ఉంచరాదు. బొత్తము పెట్టుకొని కూర్చొనరాదు. ఎండ తగలరాదు. చెమట పట్టరాదు. బిగుతైన బ్లేజరును బలవంతముగా ధరించరాదు. నీట ముంచరాదు, ముంచరాదు, ముంచరాదు.”

చివరి మాట దర్జీ కాగితంలో లావు అక్షరాలతో ఉంది. లావు అక్షరాలు రాయడం చేతగాక మేనేజరు గారు మూడుసార్లు రాశారు.

దాని కింద కమిషనరు గారు తన చేత్తో ఒక్క వాక్యం చేర్చారు: “బ్లేజరు ధరించనిదే ఏ అధికారియూ సంతకము చేయరాదు.”

దర్జీ చెప్పినవి మంచి మాటలే. కమిషనరు గారిదీ చెడ్డ మాటేమీ కాదు. రెండూ ఒకే గోడ మీద పడ్డాయి, అదీ వచ్చిన చిక్కు.

*

సరిగ్గా అప్పుడే గంపల వీధి కుళాయి ఆగిపోయింది.

ఇసక లారీ ఎక్కి గొట్టం పగిలితే, నీళ్ళు కట్టేసి గొట్టం అతికారు. అతకడం అయిపోయింది. ఇక వాల్వు తిప్పితే నీళ్ళే. వాల్వు తిప్పే దాసు భుజాన ఇనప తాళం పెట్టుకుని సిద్ధంగానే ఉన్నాడు. ఆ తాళం మనిషి నడుమెత్తు ఉంటుంది, పైన అడ్డకర్ర, చూడటానికి గునపంలా ఉంటుంది.

“ఏ.ఈ. రాజుగారి సంతకం పడ్డం ఆలీసం మామ్మా,” అన్నాడు దాసు. “ఇలా ఇలా తిప్పేత్తాను. బుడబుడమని వచ్చేత్తాయి.”

“తిప్పెయ్యరా మరి, ఎవరు చూశారు?”

“అమ్మో! సంతకం లేకుండా తిప్పితే నన్ను తిప్పేత్తారు.”

బుల్లెమ్మ బతుకంతా ఆ కుళాయి మీదే ఉంది. మినప్పప్పు నానబెట్టాలి, పొట్టు పోయేదాకా కడగాలి, రుబ్బాలి, రోలు కడగాలి, మూకుళ్ళు తోమాలి. నీళ్ళు లేని దిబ్బరొట్టె ఎక్కడా లేదు. రెండు వీధుల అవతల జగ్గాయమ్మకు బోరు ఉంది. బిందె కాదనదు గానీ, బిందెకొక మాట చొప్పున వడ్డిస్తుంది.

“ఏం బుల్లెమ్మా, మా బోరు నీళ్ళు తగిలాక గానీ మీ రొట్టెకు రుచి రాలేదంట కదా? జనం అనుకుంటన్నారులే!”

బుల్లెమ్మ చంకలో బిందెను మోయగలదు. ఆ మాటను మోయలేదు. పైగా మోకాళ్ళు. రెండు వీధులు దాటి వచ్చేసరికి అవి పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి. ఈ నెల దాటితే బండి మూసెయ్యడం తప్ప దారి లేదని ఆమెకు తెలిసిపోయింది. చీర కొంగు బిగించి మునిసిపాలిటీకి బయలుదేరింది.

అక్కడ ఏ.సీ. గదిలో, అద్దం తలుపు వెనకాల, అధికారులందరూ బ్లేజర్లు తొడుక్కుని వరసగా నిలబడి ఉన్నారు. చంకల దగ్గర ముడత పడకుండా చేతులు కొంచెం ఎడంగా పెట్టుకుని, ఇప్పుడే ఎగరబోయే కొంగల్లా ఉన్నారు. వాళ్ళలో భారీ మనిషి అసిస్టెంటు ఇంజనీరు పేరిచర్ల నరసింహరాజు గారు. ఆయన మెత్తని మనిషి. ఆ ఊళ్ళో అందరూ రాజుగారనే అంటారు.

“రాజుగారూ, మా కుళాయి కాగితం మీద ఒక్క సంతకం బాబూ.”

“ఆయ్, పెట్టేద్దునండి మామ్మగారూ. పెన్నుండాలి కదండి.”

“జేబులో లేదా?”

“జేబులో పెడితే జేబు సాగిపోద్దంటండి.”

పెన్ను బల్ల మీద ఉంది. బల్ల కిందికి ఉంది. వంగితే వీపు దగ్గర కుట్టు పిగులుతుంది. కూర్చుందామంటే బొత్తం విప్పాలి, బొత్తం విప్పితే హుందాతనం పోతుంది. మేనేజరు గారు ఆలోచించి, బల్ల మీద బల్ల వేయించారు. పైబల్ల మీద కాగితం పెట్టారు. రాజుగారు పెన్ను పట్టుకున్నారు. కాగితానికి పెన్ను ఇంకా అంగుళం దూరంలో ఉందనగా కరెంటు పోయింది.

“చెమట!” అని అరిచారు మేనేజరు గారు.

అంతే. అధికారులందరూ ఒక్క ఊపులో బ్లేజర్లు విప్పి హ్యాంగర్లకు తగిలించారు. కరెంటు సాయంత్రానికి వచ్చింది. అప్పటికి ఆఫీసు మూశారు.

మర్నాడు బుల్లెమ్మ వెళ్ళేసరికి రాజుగారు చొక్కాతో వరండాలో కుర్చీ వేసుకుని తీరిగ్గా గాలికి కూర్చున్నారు.

“బాబూ, నిన్నటి సంతకం...”

“ఈవేళ కుదరదండి మామ్మగారూ. కోటుకి సెలవండి.”

“కోటుకి సెలవైతే అయింది. మీరున్నారు కదా!”

రాజుగారు తన చొక్కా వంక చూసుకున్నారు. “ఉన్నానండి. కానీ ఉన్నట్టు కాదండి,” అన్నారు, కాస్త దిగులుగానే.

మేనేజరు గారు లోపల్నుంచి వచ్చి వివరించారు. “అమ్మా, ఏ.ఈ. గారు కలరు. వారి అధికారము విశ్రాంతిలో నున్నది. రేపు విచ్చేయుడు.”

రేపు కోటు డ్యూటీ రోజే. కాకపోతే ఆ రేపు ఆదివారం. సోమవారం మళ్ళీ విశ్రాంతి. మంగళవారం కోటు వచ్చింది, కరెంటు రాలేదు. అలా కోటూ, కరెంటూ, పనిరోజూ ముగ్గురూ కలిసి రావడం గ్రహాలు కలిసి వచ్చినంత పనయింది.

*

ఊరు ఊరంతా గొణగడం మొదలుపెట్టింది. వీధి దీపాలు, చెత్తబండ్లు, పుట్టిన పిల్లల కాగితాలు అన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. గొణుగుడు కమిషనరు గారి చెవిన పడింది. ఆయన చిరునవ్వు నవ్వి, సమస్యను మూలం నుంచే పట్టుకున్నారు.

“జనం బాధ ఏమిటి? ఆఫీసుకు వస్తే అధికారం కనపడటం లేదని. కనపడేట్టు చేద్దాం,” అన్నారు.

మర్నాటి నుంచి ఏ.సీ. గదిలో ఒక్కొక్క కుర్చీకి ఒక్కొక్క కొయ్య హ్యాంగరు, హ్యాంగరుకు బ్లేజరు. ముందర బల్ల మీద పేరూ హోదా ఉన్న పలక. కరెంటు పోయినా గది వేడెక్కకుండా పెద్ద జనరేటరు తెచ్చారు. మనుషులు చొరబడితే వాళ్ళ ఊపిరి తేమకు ఉన్ని పాడవుతుందని అధికారుల్ని వరండాలోకి మార్చారు. జనరేటరు కోట్లకే గానీ మనుషులకు కాదు కాబట్టి, డ్యూటీ రోజున కరెంటు ఉంటేనే సంతకానికి లోపలికి రానిచ్చేవారు. పొద్దున్నే హాజరు కోట్లకే. అటెండరు మెత్తని కుచ్చుతో వాటి భుజాలు పై నుంచి కిందికి దువ్వి, గుమ్మం దాకా వెనక్కి నడిచి, నమస్కారం పెట్టి వచ్చేవాడు.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారి కోటుకు కాలరు కింద చిమ్మెట కొట్టింది. వెంటనే కోటుకు సిక్ లీవు మంజూరైంది. అదే వారం ఆయనకు మలేరియా తగిలింది. ఆయనకు మాత్రం లీవు ఇవ్వలేదు. కోటు తరఫున లీవు కాగితం రాసి సమర్పించడానికి ఆయన దుప్పటి కప్పుకుని, వణుక్కుంటూ రావలసి వచ్చింది.

“రెండు లీవులు ఒకే హోదాకు ఒకేసారి ఎట్లు కుదురును?” అన్నారు కామేశం గారు.

బుల్లెమ్మ ఇవన్నీ చూసింది. మనుషుల్ని మంచి చేసుకోవడానికి ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే. మూకుట్లో నెమ్మదిగా, పైన మూత, మూత మీద నిప్పులు పెట్టి, అడుగూ పైనా ఎర్రగా పెళుసెక్కేదాకా కాల్చిన దిబ్బరొట్టె. పక్కన చెరకు పానకం. రోజూ పొద్దున్నే ఒక రొట్టె గిన్నెలో పెట్టుకుని, మూత పెట్టి, వరండాలో ఉన్న రాజుగారి ముందు దించేది. ఎంతైనా తిన్నవాడు మరిచిపోడు కదా, కోటుకు డ్యూటీ పడిన రోజున మొదటి సంతకం తన కాగితం మీదే పడుతుందని ఆమె లెక్క.

రాజుగారికి వరండాలో వేరే పని లేదు. తినేవారు. మొదట్లో ఒక ముక్క తిని మొహమాటపడేవారు. తరవాత సగం తిన్నాక మొహమాటపడేవారు. ఆ తరవాత మొత్తం తిని, మొహమాటపడటం మరిచిపోయేవారు.

చివరికి గ్రహాలు కలిశాయి. బుధవారం. కరెంటు ఉంది. కోటు డ్యూటీలో ఉంది. బుల్లెమ్మ పసుపు రంగు చీర కట్టుకుని, కాగితం పట్టుకుని వచ్చింది. దాసు గేటు దగ్గర తాళం భుజాన వేసుకుని తయారుగా ఉన్నాడు. రాజుగారు కోటులో ఒక చెయ్యి దూర్చారు, రెండో చెయ్యి దూర్చారు. బొత్తం పట్టుకున్నారు. కాజా కోసం చూశారు.

కాజా ఎక్కడో దూరాన, పొట్ట అవతలి ఒడ్డున ఉంది.

ఊపిరి బిగబట్టారు. అయినా అందలేదు. మేనేజరు గారు టేపు తెచ్చి కొలిచి, తల అడ్డంగా ఊపారు. “బిగుతైన బ్లేజరును బలవంతముగా ధరించరాదు. బ్లేజరునకు అపాయము. అధికారి తగ్గువరకు ఆగవలెను.”

రాజుగారు బుల్లెమ్మ వంక జాలిగా చూశారు. “మీ రొట్టేనండి మామ్మగారూ.”

“నేను పెట్టింది మీరు సంతకం పెడతారని బాబూ, పొట్ట పెడతారని కాదు!”

*

శుక్రవారం పొద్దున్న జగ్గాయమ్మ బోరు దగ్గర కొత్త మాట వడ్డించింది. “బండి అమ్మేత్తే చెప్పు బుల్లెమ్మా, మా అల్లుడు చూత్తన్నాడు.”

బుల్లెమ్మ బిందె అక్కడే దించేసి తిన్నగా మునిసిపాలిటీకి నడిచింది. మేనేజరు గారి ముందు నిలబడింది.

“ఆ గదిలో ఉన్నోళ్ళతోనే చెప్పుకుంటాను. తలుపు తియ్యండి.”

“అర్జీలు స్వయముగా బ్లేజరు వారికే సమర్పించుకొనవచ్చును,” అన్నారు కామేశం గారు సంతోషంగా. ఆ సదుపాయం పెట్టిన తరవాత వాడుకున్నవాళ్ళు ఆమె తప్ప ఇంతదాకా లేరు. “చెప్పులు విడువుడు. దగ్గు వచ్చినచో బయటకు వచ్చి దగ్గుడు.”

లోపల చల్లగా, నిశ్శబ్దంగా, కలరా ఉండల వాసనతో నిండి ఉంది. వరసగా కోట్లు. బుల్లెమ్మ రాజుగారి కోటు ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టింది.

“బాబూ, కోటుగారూ. మాది గంపల వీధండి. నాకు చదువు లేదు, తప్పుగా మాట్లాడితే ఏమనుకోకండి. నా మోకాళ్ళు పోయాయండి. నీళ్ళు మొయ్యలేకపోతన్నాను. బండి మూసేత్తే నాకింకేం తోచదండి. పొద్దున్నే ఆ పొగలో కూచుని నలుగురికీ పెట్టకపోతే నేను బతికున్నట్టే ఉండదు...”

కోటు శ్రద్ధగా విన్నది. మధ్యలో ఫోను తీయలేదు. గడియారం వంక చూడలేదు. ‘రేపు రా’ అనలేదు. ఇన్నేళ్ళలో ఇంత ఓపికైన అధికారిని బుల్లెమ్మ ఎరగదు. ఆ ఆదరణకు ఆమెకు ఇంకొంచెం చెప్పుకోవాలనిపించింది. చనిపోయిన మొగుడి సంగతి, మొట్టమొదట మూకుడు కొన్న సంగతి, ఆ నశ్యం కమిషనరు తన బండి దగ్గరే తుమ్మిన సంగతి అన్నీ చెప్పింది. చెప్పి చెప్పి చలికి వణకడం మొదలుపెట్టింది. పళ్ళు టకటకమంటున్నాయి. ఎదురుగా ఉన్ని కోటు ఉంది. చలేస్తే కప్పుకోవడం మనిషన్నవాడు చేసే పనే కదా. కోటు తీసి తొడుక్కుంది. బొత్తం కూడా పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మేనేజరు గారు తలుపు తీశారు.

ఆయన అరవబోయి ఆగిపోయారు. ఎదురుగా బ్లేజరు. బొత్తం పడింది. జేబులు ఖాళీగా ఉన్నాయి. నిలబడి ఉంది, కూర్చోలేదు. ఎక్కడా బిగుతు లేదు. చెమట చుక్క లేదు సరికదా, చలికి వణుకుతోంది. సర్క్యులరు గోడ ఎక్కిన నాటి నుంచి అందులోని మాటలన్నీ ఒకే మనిషి మీద ఒకేసారి నెరవేరడం ఆయన చూడటం అదే మొదలు. ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

“నమస్కారమండీ,” అన్నారు. ఎవరికన్నది ఆయనకే తెలియలేదు.

బుల్లెమ్మకు ఒక్క క్షణం పట్టింది. అంతే, ఒకే ఒక్క క్షణం.

“దాసుని పిలువు,” అంది.

దాసు వచ్చాడు. తలుపు దగ్గరే నోరు తెరిచి నిలబడిపోయాడు. “మామ్మా! నువ్వేంటే ఆ కోటులో?”

“మామ్మేంట్రా? ఆర్డరు. ఎల్లి వాల్వు తిప్పు.”

మేనేజరు గారికి అప్పుడు సందేహం వచ్చింది. అమ్మకు సంతకం రాదు, వేలిముద్ర. ఆయన పరుగున వెళ్ళి కమిషనరు గారికి ఫోను చేశారు. ఆ సమయంలో కమిషనరు గారు రాజధానిలో, కూనలంక బ్లేజర్ల విజయగాథ మీద ఉపన్యాసం ఇవ్వబోతున్నారు.

“కామేశం గారూ, బ్లేజరు మనదేనా?”

“మనదేనండి.”

“సరిగ్గా ధరించారా?”

“ఇంత సరిగా ఎవరూ ధరించలేదండి.”

“మరి లోపల ఎవరున్నారన్నది అప్రస్తుతం కదా! ఆ వ్యక్తిని బ్లేజరుకు లోపలి అస్తరుగా పరిగణించండి.”

అస్తరు వేలిముద్ర వేసింది. కాగితం పట్టుకుని దాసు పరుగెత్తాడు.

వరండాలో ఎదురుచూస్తున్న జనానికి సంగతి తెలిసింది. బిలబిలమంటూ లోపలికి వచ్చారు. చేపల మార్కెట్టు దగ్గర దీపం వెయ్యమన్నారు. వేయించింది. కవలపిల్లలకు ఒకటే కాగితం ఇచ్చారని ఒకామె ఏడిస్తే, రెండోది ఇప్పించింది. చెరువు గట్టు మీద ఇల్లు కట్టుకుంటానని ఒకాయన కాగితం చాపాడు. “వానొత్తే ఎక్కడికి పోతావురా సచ్చినోడా, పిల్లలున్నోడివి!” అని తిట్టి పంపింది. ఒకతను దరఖాస్తు ఇంగ్లీషులో రాసుకొచ్చాడు. “నాకు చదవడం రాదు, నోటితో చెప్పు,” అంది. అతను ఒక్క మాటలో చెప్పేశాడు. ఎంత చిన్న పనో తెలిసి అతనే ఆశ్చర్యపోయాడు. మేనేజరు గారు సిరా దిండు పట్టుకుని వెంట నడుస్తూ ప్రతి ముద్రకూ “చిత్తము, చిత్తము” అన్నారు.

మధ్యాహ్నానికి జనం తగ్గారు. బుల్లెమ్మ చివరగా ఒక్క ఆర్డరు తనకోసం వేసుకుంది.

“ఆ వాల్వు తిప్పే తాళం ఇకనుంచి మా ఇంట్లో ఉంటది. మళ్ళీ ఎప్పుడన్నా నీళ్ళు ఆగితే నేను మీ కోటు చుట్టూ తిరగలేను. రాయండి.”

మేనేజరు గారు రాశారు. బుల్లెమ్మ ముద్ర వేసింది.

అంతలో వీధిలోంచి కేక వినిపించింది. “మామ్మోయ్! నీళ్ళోయ్!”

ఇక ఆమెను పట్టుకునేవారెవరు? మోకాళ్ళ సంగతి మరిచిపోయి, కోటుతోనే పరుగెత్తింది.

*

కుళాయి మొదట దగ్గింది, తరవాత తుప్పు నీళ్ళు కక్కింది, ఆ తరవాత తెల్లగా దూకింది. వీధి వీధంతా బిందెలతో వచ్చింది. బుల్లెమ్మ ఆ సంబరంలో పప్పు కడిగింది, రుబ్బింది, పొయ్యి ముట్టించింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ రొట్టెలు పెట్టింది. జగ్గాయమ్మకు పెద్ద ముక్క పెట్టి, “తిని చెప్పు, మా కుళాయి నీళ్ళతో రుచి ఏమన్నా తగ్గిందేమో,” అంది. అది చెప్పాలని ఎన్నాళ్ళుగా దాచుకుందో.

అంతా అయ్యాక చూసుకుంటే కోటు మీద పిండి, పానకం, మసి.

ఒకరి బట్ట కట్టుకుని ఉతక్కుండా తిరిగి ఇవ్వడం బుల్లెమ్మ ఇంటావంటా లేదు. అందులోనూ తన మాట విని నీళ్ళిచ్చిన కోటు. దానికి ఏ లోటూ చేయకూడదనుకుంది. వేడినీళ్ళలో సోడా వేసి నానబెట్టింది. కుళాయి పక్కన బండ మీద వేసి, చేతులు నొప్పిపుట్టేలా బాదింది. జాడించింది. గంజి పెట్టింది. మర్నాడు చుర్రుమనే ఎండలో, దండెం మీద ఆరేసింది. ఆరాక దగ్గర్లోని ఇస్త్రీ బండి అబ్బాయికి ఇచ్చి, బొగ్గులు గట్టిగా వేసి రుద్దమంది. ఉతికిన కొద్దీ అది ఎందుకో చిన్నదవుతున్నట్టు అనిపించింది గానీ, మురికి వదిలితే బట్ట తేలికపడటం మామూలే కదా అనుకుంది.

సోమవారం మడతపెట్టి పళ్ళెంలో పెట్టి, పక్కన ఒక రొట్టె ముక్క కూడా ఉంచి తెచ్చి ఇచ్చింది.

కామేశం గారు మడత విప్పారు. కోటు అట్టలా నిలబడింది. ఆయన మాత్రం నిలబడలేకపోయారు. గోడకు ఆనుకుని, “ముంచితివా?” అన్నారు. మళ్ళీ “ముంచితివా?” అన్నారు. మూడోసారి నోరు పెగల్లేదు.

“ముంచకుండా ఎలా ఉతుకుతారు బాబూ?” అంది బుల్లెమ్మ.

విచారణ జరిగింది. కమిషనరు గారు, మేనేజరు గారు, పట్నం దర్జీ కూర్చున్నారు. దర్జీ కోటును చూసి కాసేపు తల పట్టుకున్నాడు. బుల్లెమ్మ తాళం పోతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. కమిషనరు గారు కోటును అటూ ఇటూ తిప్పి చూశారు. చిరునవ్వు నవ్వారు.

“ఎక్కడైనా చిరిగిందా?”

“లేదండి.”

“బొత్తాలున్నాయా? చిమ్మెట కొట్టిందా? మరక ఉందా?”

“ఉతికిన తీరుకు మరకన్నది భయపడి పారిపోయిందండి,” అన్నాడు దర్జీ.

“అయితే బ్లేజరు క్షేమం. పరిమాణం మాత్రమే మారింది. పదిహేనేళ్ళు మన్నవలసింది బ్లేజరు. దానికి సరిపోయే అధికారిని వెతుక్కోవడం మన బాధ్యత.”

అలా రాజుగారికి బదిలీ అయింది. బ్లేజర్లు లేని ఊరికి. ఆయన వెళ్ళేరోజు బుల్లెమ్మ రొట్టె కట్టి ఇచ్చింది. “ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఉన్నట్టే లేనండి మామ్మగారూ,” అన్నారు ఆయన బస్సు మెట్టు మీద నిలబడి. “అక్కడన్నా ఉంటానేమో చూడాలండి.”

కొత్త ఏ.ఈ. కోసం పైకి రాసిన కాగితంలో చదువు సంగతి ఒక్క మాటలో తేల్చేసి, ఛాతీ, భుజం, చేతి పొడవు మాత్రం వివరంగా రాశారు. అలాంటి మనిషి దొరకడానికి కొంచెం రోజులు పట్టింది. దొరికింది. పేరు ప్రణవి. అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్ల. గట్టిగా గాలి వేస్తే గొడుగుతో పాటు ఎగిరిపోయేట్టుంది. కోటు తొడిగితే, ఆ పిల్ల కోసమే బుల్లెమ్మ ఉతికిందా అన్నట్టు అతికినట్టు సరిపోయింది.

మేనేజరు గారు పరమానందపడి, మొట్టమొదటి కాగితం ముందుకు జరిపారు. “అమ్మా, మునిసిపాలిటీ వారి వాల్వు తాళము ఒకటి పరుల స్వాధీనమందున్నది. కోటు వేసిన ఆజ్ఞను కోటే రద్దు చేయవలెను. మీరు దయచేసి...”

ప్రణవి పెన్ను కోసం జేబు తడుముకుంది. జేబులో లేదు. అంతలో మేనేజరు గారు హ్యాంగరుకెక్కిన కోటు వంక చూసి, నాలుక కరుచుకున్నారు. కొలతల కోసం తొడిగి విప్పారు కాబట్టి కోటుకు ఈ రోజు డ్యూటీ అయిపోయినట్టే లెక్క, రేపు విశ్రాంతి. “ఎల్లుండి,” అన్నారు.

సంగతి దాసు ద్వారా బుల్లెమ్మకు చేరింది. మర్నాడు పొద్దున్నే గిన్నె పట్టుకుని వరండాలో ప్రత్యక్షమైంది.

“ఏ ఊరమ్మా మీది? ఎక్కడుంటన్నావు? ఏం తింటన్నావు?”

“హాస్టల్లో మామ్మగారూ. పొద్దున్న బ్రెడ్డు పెడతారు.”

“బ్రెడ్డా!” బుల్లెమ్మ చెంపలు నొక్కుకుంది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని చూసింది. ఆమెకు నిజంగానే జాలేసింది. గిన్నె మూత తీసింది. ఆవిరితో పాటు ఎర్రగా కాలిన మినప వాసన వరండా అంతా పరుచుకుంది. “చూడమ్మా, నీతో దాపరికం దేనికి? నీకా బొత్తం పడితే నా తాళం పోద్ది. నా తాళం పోతే మా వీధి నీళ్ళు మళ్ళీ కోటు చేతిలోకి ఎల్లిపోతాయి. అలాగని నేను పెట్టేది దానికోసం ఒక్కటే కాదు. నువ్వు మరీ పుల్లలా ఉన్నావు.”

ప్రణవి అద్దం తలుపు వెనక, చల్లని గదిలో, కుర్చీల మీద ఆసీనులైన కోట్ల వంక చూసింది. ఆ గుమ్మంలో టేపు పట్టుకుని కాచుకున్న కామేశం గారి వంక చూసింది. గిన్నె వంక చూసింది.

“పానకం కొంచెం ఎక్కువ వెయ్యండి,” అంది.

అతికినట్టు సరిపోయిన కోటు కదా, డ్యూటీ రోజు వచ్చేసరికి బొత్తానికీ కాజాకూ మధ్య ఒక రొట్టె అడ్డం పడింది. అదేమిటో, ఆ తరవాత కూనలంకలో పనులు జరగడం మొదలుపెట్టాయి. సంతకం పెట్టడానికి లేదు కాబట్టి ప్రణవి నోటితోనే చెప్పేది. బుల్లెమ్మ హయాంలో నోటి మాటకు అలవాటు పడ్డ దాసూ వాళ్ళూ వెళ్ళి చేసేసేవారు. మేనేజరు గారు మాత్రం కోటు డ్యూటీ పడినప్పుడల్లా టేపు పట్టుకుని కొలిచి, పైకి నివేదిక పంపుతూనే ఉన్నారు: “బ్లేజరు క్షేమము. ముడత లేదు, మరక లేదు. అధికారి పెరుగుచున్నారు.” బ్లేజరు క్షేమంగా ఉన్నందుకు కూనలంకకు పైనుంచి ఒక మెచ్చుకోలు పత్రం కూడా వచ్చింది. దాన్ని అటెండరు మడతపెట్టి కోటు జేబులో పెట్టబోతే, బరువని మేనేజరు గారే ఆపారు.

తాళం ఇప్పటికీ బుల్లెమ్మ తలుపు మూలనే నిలబడి ఉంది. వాన రోజుల్లో దాని అడ్డకర్ర మీద మూకుడు గుడ్డ ఆరేస్తుంది.

నిన్న పొద్దున్న కూడా వరండాలో ప్రణవి సగం రొట్టె తిని, చేతులు దులుపుకుని, లేవబోయింది.

“ఇంకో ముక్క వెయ్యనా అమ్మా?” అంది బుల్లెమ్మ.

ప్రణవి మళ్ళీ కూర్చుని గిన్నె దగ్గరికి లాక్కుంది.

“వెయ్యండి మామ్మగారూ. రేపు కోటు డ్యూటీ.”